ఐరాస సంస్థలకు జీఎస్టీ వాపసు: యూఐఎన్ నుంచి ఆర్‌ఎఫ్‌డీ-10 దాకా

ఐక్యరాజ్యసమితి సంస్థలకు మన దేశంలో పన్నే లేదని చాలామంది అంటుంటారు. ఆ మాట నమ్మి, కొత్తగా అడ్మిన్ సీట్లో కూర్చున్నవాళ్లు షాపువాళ్లతో "మాకు జీఎస్టీ వేయకండి" అని వాదనకు దిగుతారు. షాపువాళ్లు వేస్తారు, వేయాలి కూడా. చట్టం ఇచ్చింది కొనేటప్పుడు మాఫీ కాదు, కొన్నాక వాపసు. ముందు అందరిలాగే పన్నుతో సహా బిల్లు కట్టాలి. తర్వాత మూడు నెలలకోసారి లెక్క చూపించి, కట్టిన పన్ను వెనక్కి తెచ్చుకోవాలి.

దీనికి మూలం 1946 ఫిబ్రవరి 13న ఐరాస సర్వసభ్య సభ ఆమోదించిన ప్రత్యేక హక్కులు, రక్షణల ఒప్పందం. మన దేశం దాన్ని 1947 నాటి ఐక్యరాజ్యసమితి ప్రత్యేక హక్కులు, రక్షణల చట్టంతో అమల్లోకి తెచ్చింది. ఒప్పందంలోని 7వ సెక్షన్ ప్రకారం సంస్థ ఆస్తులపైన, ఆదాయంపైన ప్రత్యక్ష పన్నులు ఉండవు. 8వ సెక్షన్ మాత్రం కాస్త మెలిక పెట్టింది. వస్తువు ధరలో కలిసిపోయే పన్నుల్ని సంస్థ మామూలుగా వద్దనకూడదు. అధికారిక అవసరానికి పెద్ద కొనుగోళ్లు చేసినప్పుడు మాత్రం ఆ పన్ను తగ్గించడానికో, తిరిగి ఇవ్వడానికో ప్రభుత్వాలు వీలైనచోట ఏర్పాటు చేయాలి. మన కేంద్ర జీఎస్టీ చట్టంలోని 55వ సెక్షన్ చేసింది ఆ ఏర్పాటే.

ఎవరు అర్హులు

ఐరాస ప్రత్యేక సంస్థలు, 1947 చట్టం కింద కేంద్రం నోటిఫై చేసిన అంతర్జాతీయ ఆర్థిక సంస్థలు, ఇతర సంస్థలు, విదేశీ రాయబార కార్యాలయాలు, కాన్సులేట్లు. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునెస్కో లాంటివాటి విషయంలో ఎవరికీ అనుమానం ఉండదు. తికమక మిగతావాటితోనే వస్తుంది. పేరులో 'ఇంటర్నేషనల్' అని ఉన్నంత మాత్రాన చాలదు. ఐరాస ప్రాజెక్టులో భాగస్వామిగా పనిచేసే స్వచ్ఛంద సంస్థకూ ఈ వాపసు రాదు, ప్రాజెక్టు సొమ్మంతా ఐరాసదే అయినా సరే. చూడాల్సింది గెజిట్ నోటిఫికేషన్. 1947 చట్టంలోని 3వ సెక్షన్ కింద కేంద్రం ఐరాస వెలుపలి సంస్థలకు కూడా ఈ హక్కులు వర్తింపజేయవచ్చు. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఆ దారిలో వచ్చినదే. కొన్నింటికి విడిగా చట్టాలే ఉన్నాయి, ఆసియా అభివృద్ధి బ్యాంకుకు 1966లో చేసినట్టు. మీ సంస్థ ఏ కాగితం మీద నిలబడి ఉందో ముందు తేల్చుకోండి. ఆ నోటిఫికేషన్ నంబరు, తేదీ ఫైల్లో మొదటి పేజీగా ఉంటే తర్వాత వచ్చే సగం ప్రశ్నలకు జవాబు అక్కడే దొరుకుతుంది.

యూఐఎన్ కోసం దరఖాస్తు

అర్హత ఉన్న సంస్థకు వ్యాపారులకిచ్చే జీఎస్‌టీఐఎన్ బదులు యూఐఎన్ అనే ప్రత్యేక గుర్తింపు సంఖ్య ఇస్తారు. ఇదీ 15 అక్షరాలదే. దరఖాస్తు ఫారం జీఎస్టీ ఆర్‌ఈజీ-13. జీఎస్టీ పోర్టల్‌లో కొత్త రిజిస్ట్రేషన్ పేజీకి వెళ్లి, 'నేను' అన్న చోట వచ్చే జాబితాలో ఐరాస సంస్థ అనో, రాయబార కార్యాలయం అనో, నోటిఫై అయిన ఇతర వ్యక్తి అనో ఎంచుకోవాలి. ఇక్కడ తొందర పడొద్దు. అలవాటు కొద్దీ మామూలు పన్ను చెల్లింపుదారు అని ఎంచుకుంటే తెరుచుకునేది వేరే ఫారం. అందులో అడిగే వ్యాపార వివరాలు మీ దగ్గర ఉండవు.

మొబైల్‌కి, మెయిల్‌కి వచ్చిన ఓటీపీలు కొట్టాక తాత్కాలిక నంబరు ఒకటి వస్తుంది. దానితో మళ్లీ లాగిన్ అయి 15 రోజుల్లోగా మిగతా భాగం పూర్తి చేయాలి. సంస్థ పేరు, చిరునామా, అథరైజ్డ్ సిగ్నేటరీ (సంస్థ తరఫున సంతకం చేసే వ్యక్తి) వివరాలు, బ్యాంకు ఖాతా అడుగుతారు. ఐరాస సంస్థలకు పాన్ తప్పనిసరి కాదు. విదేశాంగ శాఖ ఇచ్చిన లేఖ ఉంటే దాని నంబరు, తేదీ వేయడానికి ఫారంలో ప్రత్యేకంగా ఒక గడి ఉంది. ఆ లేఖ కోసం సంప్రదించాల్సింది ప్రోటోకాల్ విభాగాన్ని. లేఖ చేతికొచ్చాకే ఫారం మొదలుపెట్టడం మేలు. లేకపోతే ఆ 15 రోజులూ లేఖ కోసం ఎదురుచూడటంతోనే అయిపోతాయి.

సిగ్నేటరీగా ఎవరిని పెడుతున్నారో కూడా ఆలోచించండి. చాలా సంస్థల్లో విదేశాల నుంచి వచ్చిన అధికారులు రెండు మూడేళ్లకు మారిపోతుంటారు. ఓటీపీ ఆయన ఫోన్‌కి వెళ్తుంది, ఆయనేమో వేరే ఖండంలో ఉంటారు. క్వార్టర్ చివర్లో ఈ టెన్షన్ ఎవరికీ వద్దు. ఇక్కడే స్థిరంగా ఉండే ఒకరిని రెండో సిగ్నేటరీగా చేర్చుకుంటే సరిపోతుంది.

దరఖాస్తు అందాక మూడు పనిదినాల్లో సర్టిఫికెట్ ఇవ్వాలని నిబంధన చెబుతోంది. ఒక రాష్ట్రంలో తీసుకున్న యూఐఎన్ దేశమంతటా చెల్లుతుంది. ఈ ఒక్క వాక్యం ఎంత పెద్ద వరమో కింద చెబుతాను.

బిల్లు దగ్గరే అంతా ఉంది

వాపసు ఫైలు పాస్ కావడం, ఆగిపోవడం రిఫండ్ ఆఫీసులో కాదు, కొన్న రోజు బిల్లు కౌంటర్ దగ్గరే తేలిపోతుంది. నిబంధనలు అడిగేవి ఇవి: అమ్మినవాళ్లు జీఎస్టీలో రిజిస్టరై ఉండాలి, ఇచ్చింది ట్యాక్స్ ఇన్వాయిస్ అయి ఉండాలి, దానిమీద మీ సంస్థ పేరు, యూఐఎన్ ఉండాలి. కాంపొజిషన్ పథకంలో ఉన్న చిన్న వ్యాపారి పన్ను వసూలు చేయడు, ట్యాక్స్ ఇన్వాయిస్ ఇవ్వడు. కాబట్టి ఆ బిల్లుతో వాపసు ఊసే లేదు.

ఒక లెక్క చూద్దాం. హైదరాబాద్ ఆఫీసు 50,000 రూపాయల చొప్పున పది ల్యాప్‌టాప్‌లు కొన్నది. ధర 5,00,000, జీఎస్టీ 18 శాతం అంటే 90,000. అమ్మింది తెలంగాణ డీలరైతే బిల్లులో కేంద్ర పన్ను 45,000, రాష్ట్ర పన్ను 45,000 అని రెండు వరుసలుంటాయి. బెంగళూరు నుంచి తెప్పిస్తే ఐజీఎస్టీ 90,000 అని ఒకటే వరుస. ఎలా వచ్చినా 90,000 మొత్తం తిరిగి అడగవచ్చు.

ఇప్పుడు ఇందాకటి వరం సంగతి. అదే ఆఫీసు చెన్నైలో వర్క్‌షాప్ పెట్టి హోటల్ గదులు తీసుకుంది. హోటల్ ఉన్నది తమిళనాడులో, కాబట్టి పన్నులో సగం ఆ రాష్ట్రానిది. తెలంగాణలో మాత్రమే రిజిస్టరైన మామూలు కంపెనీకైతే ఆ పన్ను మీద క్రెడిట్ రాదు, పోయినట్టే. యూఐఎన్ ఉన్న సంస్థకు అదీ వెనక్కి వస్తుంది. ఏ రాష్ట్రంలో కొన్నా, అది కేంద్ర పన్నైనా రాష్ట్ర పన్నైనా, వాపసు మొత్తాన్ని కేంద్ర పన్ను అధికారులే చూస్తారు. రాష్ట్రాల చుట్టూ తిరిగే పని లేదు.

అమ్మేవాళ్లు కొందరు "మా సాఫ్ట్‌వేర్ మీ నంబరు తీసుకోవడం లేదు" అంటారు. యూఐఎన్ ఇన్వాయిస్‌పై రాయడం 46వ నిబంధన ప్రకారం తప్పనిసరి అని, రాయనివాళ్లపై చర్య తీసుకోవచ్చని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2018 మార్చి 13 నాటి 36వ సర్క్యులర్‌లో స్పష్టంగా చెప్పింది. ఆ సర్క్యులర్ ప్రింటు ఒకటి కొనుగోళ్లు చూసేవాళ్ల దగ్గర ఉంచండి. చర్యల మాట ఎత్తకుండా, మర్యాదగా ఆ పేజీ చూపిస్తే చాలాసార్లు పని జరిగిపోతుంది.

అయినా నంబరు లేని బిల్లులు కొన్ని మిగులుతాయి. వాటికీ దారి ఉంది. 2021 ఏప్రిల్ 1 నుంచి వర్తించేలా నిబంధన మార్చారు. యూఐఎన్ లేని ఇన్వాయిస్ కాపీని సంస్థ అధీకృత ప్రతినిధి ధ్రువీకరించి దరఖాస్తుతో జతచేస్తే దానికీ వాపసు ఇస్తారు. కానీ అన్ని బిల్లులూ ఇలాగే పెడదామనుకుంటే ప్రతినిధి చేతికి సంతకాల పని తప్పదు.

జీఎస్‌టీఆర్-11, ఆర్‌ఎఫ్‌డీ-10

వాపసు దరఖాస్తు క్వార్టర్‌కి ఒకసారి. ముందు జీఎస్‌టీఆర్-11, అంటే ఆ మూడు నెలల్లో మీరు పన్ను కట్టి కొన్న వాటి జాబితా. అమ్మినవాళ్లు తమ అమ్మకాల రిటర్ను జీఎస్‌టీఆర్-1లో మీ యూఐఎన్‌తో చూపించిన బిల్లులు అందులోకి వాటంతటవే వచ్చి కూర్చుంటాయి. రానివాటిని మీరు చేర్చుకోవాలి. ఇక్కడ ఓ పూట ఎక్కువ పట్టినా పరవాలేదు. పోర్టల్‌లో ఉన్నదాన్ని, మీ అకౌంట్స్ పుస్తకంలో ఉన్నదాన్ని బిల్లు నంబరు, తేదీ, పన్ను మొత్తం వరుసలవారీగా సరిచూసుకోండి. డీలరు తర్వాత ఇచ్చిన క్రెడిట్ నోట్లు మర్చిపోవద్దు. తిరిగి పంపేసిన వస్తువు మీద పన్ను వాపసు అడిగినట్టు అయితే ఆ ఒక్క వరుస వల్ల మొత్తం ఫైలు మీద అనుమానం వస్తుంది.

ఆ తర్వాత ఆర్‌ఎఫ్‌డీ-10, అంటే అసలు వాపసు దరఖాస్తు ఫారం. ఏ క్వార్టరో ఎంచుకుని, రాష్ట్రాలవారీగా పన్ను మొత్తాలు, బ్యాంకు ఖాతా సరిచూసుకుని, డిజిటల్ సంతకంతో గానీ ఓటీపీతో గానీ సమర్పించాలి. కొన్నవన్నీ సంస్థ అధికారిక అవసరానికే అన్న ధ్రువీకరణ ఇందులో కీలకం. రాయబార కార్యాలయాలైతే పరస్పరత (వాళ్ల దేశం మనకిచ్చినట్టే మనమూ ఇవ్వడం) ఆధారంగా విదేశాంగ శాఖ ఇచ్చే సర్టిఫికెట్ కావాలి, ఐరాస సంస్థలకు ఆ బాధ లేదు. సమర్పించాక ప్రింటు తీసి, సంతకం చేసిన కాపీని, ఇన్వాయిస్‌ల పట్టికను మీ రాష్ట్రంలోని నోడల్ అధికారి ఆఫీసులో ఇచ్చేందుకు సిద్ధంగా ఉంచుకోండి.

గడువు: క్వార్టర్ చివరి రోజు నుంచి రెండేళ్లు. మొదట్లో ఇది ఆరు నెలలే, తర్వాత 18 నెలలైంది, 2022 అక్టోబర్ నుంచి రెండేళ్లు. 2025 జూన్‌తో ముగిసిన క్వార్టర్‌కి 2027 జూన్ 30 దాకా టైముంది. టైముంది కదా అని ఎనిమిది క్వార్టర్లు పోగేసి ఒకేసారి పెట్టేవాళ్లున్నారు. అప్పటికి బిల్లు ఇచ్చిన డీలరు దుకాణమే ఎత్తేసి ఉంటే అడగడానికి ఎవరూ ఉండరు.

రానివి

పెట్రోలు, డీజిల్ జీఎస్టీలోనే లేవు, కాబట్టి వాటిమీది పన్ను ఈ దారిలో రాదు. కరెంటు, నీళ్ల ఛార్జీలు అసలు పన్ను కాదు, సేవకు ధర. వాటి నుంచి మినహాయింపు లేదని ఒప్పందమే చెబుతోంది. వాహనం కొనాలంటే ముందుగా విదేశాంగ శాఖ ప్రోటోకాల్ విభాగం నుంచి అనుమతి లేఖ తీసుకోవాలి. కొన్నాక రాసుకుంటామంటే కుదరదు.

సిబ్బంది సొంత కొనుగోళ్లకు వాపసు లేదు. 2018 సెప్టెంబర్‌లో వచ్చిన 63వ సర్క్యులర్ దీన్ని తేల్చేసింది. అధికారి ఇంటికి ఫ్రిజ్ కొని బిల్లు ఆఫీసు పేరున రాయించడం మొహమాటానికి కూడా ఒప్పుకోవద్దు. ఈ హక్కులు ఇచ్చింది సంస్థ పని సాగడానికే తప్ప వ్యక్తుల లాభానికి కాదని ఒప్పందంలోని 20వ సెక్షన్ సూటిగా చెబుతుంది.

దిగుమతులు, జీతాలు, కోర్టు నోటీసులు

విదేశాల నుంచి అధికారిక అవసరానికి తెప్పించే సామాన్లకు కస్టమ్స్ సుంకం ఉండదు. ఇది వాపసు కాదు, నిజంగానే మినహాయింపు. అయితే ప్రతి సరుకుకూ సర్టిఫికెట్ కావాలి, అది పోర్టులో సరుకు దిగకముందే చేతిలో ఉండాలి. అలా తెచ్చినదాన్ని ప్రభుత్వంతో కుదిరిన షరతులకు లోబడి తప్ప ఇక్కడ అమ్మకూడదు. పాత ఫర్నిచర్ వేలం వేసే ముందు అందులో ఏవి సుంకం లేకుండా వచ్చాయో చూసుకోండి.

ఐరాస అధికారుల జీతంపై ఆదాయపన్ను ఉండదు. ఐరాస పింఛనుకూ అదే వర్తిస్తుందని ప్రత్యక్ష పన్నుల బోర్డు 1981లో 293వ సర్క్యులర్‌తో ఒప్పుకుంది. కానీ కన్సల్టెంట్ కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లు 'అధికారి' కిందికి వస్తారా అన్నది వాళ్ల కాంట్రాక్టు చదివాకే చెప్పగలం. తోటి ఉద్యోగి కట్టలేదు కదా అని రిటర్ను మానేయొద్దు.

కోర్టు కేసుల నుంచి ఉండే చట్టపరమైన రక్షణకు దరఖాస్తు ఫారం అంటూ ఏమీ లేదు. సంస్థ స్థితితో పాటే అది వస్తుంది, నోటీసు వచ్చినప్పుడు ఎత్తిచూపాలి. మాకు రక్షణ ఉంది కదా అని నోటీసును సొరుగులో పడేయడం పెద్ద పొరపాటు. విదేశాంగ శాఖకు రాసి, సంస్థ స్థితిని ప్రభుత్వం ద్వారా కోర్టు దృష్టికి తీసుకెళ్లాలి. మలేషియాలో ఐరాస ప్రత్యేక ప్రతినిధి కుమారస్వామిపై పరువునష్టం దావాలు పడ్డప్పుడు అంతర్జాతీయ న్యాయస్థానం 1999లో ఇదే చెప్పింది: ఆయనకు రక్షణ ఉందని ఐరాస ప్రధాన కార్యదర్శి తేల్చిన సంగతిని ప్రభుత్వం తన కోర్టులకు తెలియజేసి తీరాలి. సంస్థ లోపలి ఉద్యోగ వివాదాలది వేరే దారి. ఇక్రిశాట్ ఉద్యోగుల కేసులో ఆ సంస్థ రాజ్యాంగంలోని 12వ అధికరణ కింద 'రాజ్యం' కాదని, దానిపై రిట్ నడవదని సుప్రీంకోర్టు 2003లో తీర్పు చెప్పింది. అందుకే ఉద్యోగంలో చేరేటప్పుడే, గొడవ వస్తే ఏ ట్రిబ్యునల్‌కి వెళ్లాలో నియామక పత్రంలో ఉందో లేదో చూసుకోవాలి.