చీర కట్టుకోవడం ఎలా? ముందు పైట, ఆ తర్వాతే కుచ్చిళ్ళు

చీర కట్టుకోవడం రాదనే వాళ్ళలో చాలామందికి కుచ్చిళ్ళు పోసుకోవడం బాగానే వస్తుంది. వాళ్ళ చిక్కు వరసలో ఉంటుంది. అద్దం ముందు అరగంట కుస్తీ పట్టి, కుచ్చిళ్ళు చక్కగా దోపుకుని, మిగిలిన గుడ్డ భుజం మీద వేసుకుని చూస్తే పైట నడుము దాకా కూడా రాదు, లేదంటే వెనకాల నేల ఊడుస్తూ ఉంటుంది. ఇక మొత్తం విప్పి మళ్ళీ మొదటికి రావడమే. నేనూ రెండు మూడేళ్ళు ఇలాగే అవస్థపడ్డాను. పైట పొడవు ముందే తేల్చుకుని, మిగిలిన గుడ్డతోనే కుచ్చిళ్ళు పోసుకోవాలని తెలిశాక ఆ టెన్షన్ పోయింది. ఇప్పుడు పట్టుచీరకి పది నిమిషాలు, కాటన్‌కి అంతకన్నా తక్కువ.

ముందు ఏ చీరతో నేర్చుకోవాలో చెప్తాను, ఎందుకంటే చాలామంది పెళ్ళి రోజు పొద్దున్నే కంచిపట్టుతో మొదలుపెట్టి ఏడుస్తారు. జార్జెట్, షిఫాన్ కూడా వద్దు, అవి చేతిలోంచి పాదరసంలా జారిపోతాయి. ఒకసారి ఉతికి కాస్త గంజి పెట్టి ఇస్త్రీ చేసిన కాటన్ చీర తీసుకోండి. మంగళగిరి కాటన్ దీనికి భలే ఉంటుంది, ఒంటి మీద పూల గోల లేకుండా అంచు స్పష్టంగా ఉంటుంది కాబట్టి ఎక్కడ వంకర పోయిందో వెంటనే కనిపిస్తుంది. మడత పెడితే మడతలాగే నిలబడుతుంది. ఇది చేతికి అలవాటయ్యాక గద్వాల మీదికి వెళ్ళండి. దాని ఒళ్ళు కాటన్, అంచూ పైటా పట్టు, అంటే ఒకే చీరలో రెండు రకాల బరువు ఎలా సర్దుకోవాలో తెలుస్తుంది. ధర్మవరం, కంచి లాంటి బరువైన పట్టు ఆ తర్వాత.

చీరకి ఫాల్ (కింది అంచుకి లోపలివైపు కుట్టే గుడ్డ పట్టీ), పికో (కొసల్లో దారాలు ఊడకుండా వేసే కుట్టు) అయ్యాయో లేదో చూసుకోండి. ఫాల్ గుడ్డని కుట్టించే ముందు నీళ్ళలో నానబెట్టి ఆరేయడం మర్చిపోకండి, లేకపోతే మొదటి ఉతుకుకే అది ముడుచుకుపోయి చీర అంచుని పైకి లాగేస్తుంది. చీరలోనే వచ్చిన జాకెట్టు గుడ్డని కత్తిరించారా అన్నది కూడా చూడండి. అది అలాగే ఉంటే దాదాపు 80 సెంటీమీటర్ల గుడ్డ అదనంగా లోపల చుట్టుకుంటుంది, నడుము దగ్గర లావుగా ఉబ్బిపోయి, తప్పు మీ ఒంటిదేమో అనుకుంటారు.

లంగా దగ్గర నిర్లక్ష్యం చేయొద్దు

ఇప్పుడు మనం కట్టే ఈ పద్ధతిని దేశమంతా నివి కట్టు అంటారు. నీవి అంటే పోకముడి, అంటే నడుము దగ్గర వేసే ముడి. పూర్వం మన ఇళ్ళలో 9 గజాల చీరని గోచీ పోసి కట్టేవాళ్ళు, లోపల లంగా ఉండేది కాదు, చీర ముడే చీర బరువంతా మోసేది. లోపల లంగా, పైన జాకెట్టు వేసుకుని కట్టే పద్ధతికి ప్రచారం తెచ్చినవాళ్ళలో ఠాగూర్ ఇంటి కోడలు జ్ఞానదానందినీ దేవి ఒకరు. 1860లలో బొంబాయిలో ఉన్నప్పుడు పార్శీ స్త్రీల కట్టు చూసి, దాన్ని తనకి తగ్గట్టు మార్చుకుని బెంగాల్‌కి తీసుకెళ్ళారామె. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, అప్పుడు పోకముడి చేసిన పని ఇప్పుడు లంగా నాడా చేస్తోంది. నాడా వదులైతే మీరు ఎన్ని పిన్నులు పెట్టినా చీర దిగిపోతుంది.

కాటన్ లంగా వేసుకోండి. శాటిన్ లంగా మెరుస్తుంది కానీ చీరని పట్టుకోదు. చీర పలుచనైతే రంగు కలవాలి, బరువైన పట్టుకి అంత పట్టింపు అక్కర్లేదు. చీర ఎక్కడ కట్టాలనుకుంటున్నారో సరిగ్గా అక్కడే, బొడ్డు మీదైనా కిందైనా, నాడా కట్టుకోండి. ముడి, దాని కింద ఉండే చీలిక కుడి పక్కకి రావాలి, ముందుకి వస్తే కుచ్చిళ్ళ కింద బొడిపెలా కనిపిస్తుంది. లంగా పొడవు చీర అంచుకన్నా ఒక అంగుళం పైకి ఉంటే చాలు.

నాడా గట్టిగా ఉండాలంటే ఊపిరాడకుండా బిగించమని కాదు. రోజూ చీర కట్టే చాలామంది ఆడవాళ్ళకి నడుము చుట్టూ నల్లటి చార ఉంటుంది, అది ఏళ్ళ తరబడి సన్నటి తాడు ఒరుసుకోవడం వల్ల వచ్చింది. అక్కడ పుండు పడి మానకపోతే డాక్టరుకి చూపించుకోవాలి, పసుపు రాసి ఊరుకోవడం కాదు. రోజూ కట్టేవాళ్ళు సన్న తాడు బదులు వెడల్పాటి పట్టీ కుట్టించుకుంటే మంచిది.

ఇంకో మాట, చెప్పులు ఇప్పుడే వేసుకోండి. ఇంట్లో గది లోపల చెప్పులేంటని అమ్మ కేకలేస్తే పాత న్యూస్‌పేపర్ పరుచుకుని నిలబడండి. వట్టి కాళ్ళతో కట్టి తర్వాత హీల్స్ ఎక్కితే చీర రెండు అంగుళాలు పైకి లేచి పిక్కలు కనిపిస్తాయి.

మొదటి చుట్టు

పైట లేని కొస చేతిలోకి తీసుకోండి. ఫాల్ కుట్టిన అంచు కిందికీ, ఫాల్ లోపలి వైపుకీ ఉండాలి. ఈ కొసని బొడ్డుకి కాస్త కుడి పక్కగా లంగాలోకి దోపి, గుడ్డని పొట్ట మీదుగా ఎడమవైపుకి, అక్కణ్ణుంచి వీపు వెనక్కి, మళ్ళీ కుడి పక్కనుంచి ముందుకి తీసుకురండి. ఇదంతా చేస్తున్నప్పుడు అంచు నేలకి తగిలీ తగలనట్టు ఉండాలి. వెనక వైపు ఎత్తు చూసుకోవడం కష్టం కాబట్టి చాలామందికి వెనకాల పైకి లేచిపోతుంది. పక్కకి తిరిగి అద్దంలో చూసుకోండి, లేదా ఒక చేత్తో నడుము దగ్గర పట్టుకుని మడమతో అంచుని తడిమి చూడండి.

దోపడం కూడా పైపైన కాదు, నాలుగు వేళ్ళు లోపలికి వెళ్ళేంత. ఒక చోట దోపి వదిలేయకుండా చుట్టూ మూడు నాలుగు చోట్ల దోపుకుంటే నడుము చుట్టూ గుడ్డ బల్లపరుపుగా కూర్చుంటుంది.

ఇప్పుడు పైట, కుచ్చిళ్ళు కాదు

ఇక్కడే అందరూ తొందరపడి కుచ్చిళ్ళు మొదలుపెడతారు. ఆగండి. చీర రెండో కొస, అంటే పైట కొంగు పట్టుకోండి. పొడవునా మడతలు పెట్టుకోవాలి, ఒక్కోటి నాలుగైదు అంగుళాల వెడల్పు, పైకి కనిపించే మడతలో అంచు నిండుగా రావాలి. గాల్లో పట్టుకుని పెడితే ఒకటి సరిచేసేసరికి ఇంకోటి జారుతుంది, మంచం మీద పరుచుకుని పెడితే చాలా తేలిక. మడతలు కుదిరాక కొస దగ్గర ఒక బట్టల క్లిప్పు పెట్టండి.

ఆ మడతల్ని ఎడమవైపు నుంచి వీపు చుట్టూ తిప్పి, కుడి చంక కిందనుంచి ముందుకి తెచ్చి, ఎడమ భుజం మీద వేసుకోండి. వెనక ఎంత వేలాడాలి? మోకాలి వెనక భాగం దాకా వస్తే చూడ్డానికి బాగుంటుంది, మోకాలు దాటి మరో జానెడు వచ్చినా ఫర్వాలేదు, అంతకన్నా పొడవైతే ఎవరో ఒకరు తొక్కుతారు. ఎదురుగా రొమ్ము మీద అడ్డంగా వచ్చే పై అంచు ముడతలు లేకుండా ఉందా చూసి, భుజం దగ్గర ఒక్క పిన్ను తాత్కాలికంగా పెట్టండి. ఎడమ నడుము దగ్గర, అంటే ఈ రెండో చుట్టు వీపు వెనక్కి వెళ్ళే చోట కూడా గుడ్డని లోపలికి కొంచెం దోపండి.

ఇప్పుడు మీ ముందు, కుడి పక్క నుంచి ఎడమ పక్కకి, ఒక పెద్ద వదులు జోలెలా వేలాడుతూ ఉంటుంది. కుచ్చిళ్ళకి మీ దగ్గర ఉన్నది అదే. ఎన్ని రావాలని ముందే లెక్క పెట్టుకుని కూర్చోవద్దు. జాకెట్టు గుడ్డ పోను చీర సుమారు 5.5 మీటర్లు. తుంటి చుట్టుకొలత 1 మీటరు ఉన్నవాళ్ళకి చుట్లూ పైటా పోను కుచ్చిళ్ళకి దాదాపు 2 మీటర్లు మిగులుతుంది. ఒక్కో కుచ్చిలి 5 అంగుళాలంటే లోపలా బయటా కలిపి 10 అంగుళాలు, అంటే పావు మీటరు తింటుంది. మీకు ఆరు నుంచి ఎనిమిది వస్తాయి. ఒళ్ళున్నవాళ్ళకి నాలుగైదే వస్తాయి, అది చేతకానితనం కాదు, మిగతా గుడ్డ చుట్టులోకి వెళ్ళిపోయింది, అంతే.

కుచ్చిళ్ళు పోయడం

కుడి పక్కనుంచి మొదలుపెట్టండి. బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య గుడ్డని, చేతిని మరీ సాగదీయకుండా, ముందుకీ వెనక్కీ మడుస్తూ పోవాలి. మడతలన్నీ ఎడమవైపుకి చూడాలి. మొదటి మడత కొంచెం వెడల్పుగా పెట్టుకోండి, బయటికి కనిపించేది అదే కాబట్టి మిగతావాటి తప్పులు దాని వెనక దాక్కుంటాయి. నాలుగు సార్లు పోసి నాలుగు సార్లు విప్పితే గానీ చేతికి కొలత పట్టదు, దానికి దగ్గరి దారి లేదు.

అన్నీ చేతిలోకి వచ్చాక పైన గట్టిగా పట్టుకుని, ఇంకో చేత్తో అంచుని ఒకసారి కిందికి విదిలించండి. వీలైతే ఇంట్లో ఒకరిని కింద కూర్చుని అంచులు కలిపి లాగమనండి, మా ఇంట్లో ఆ ఉద్యోగం మా తమ్ముడిది, ఐస్‌క్రీమ్ ఇస్తే గానీ వంగేవాడు కాదు. కుచ్చిళ్ళ కింది కొసలన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయా చూసి, పైన ఒక చిన్న పిన్నుతో కలిపి, మొత్తం కట్టని బొడ్డుకి సూటిగా, లేదా వెంట్రుకవాసి ఎడమగా లోపలికి దోపేయండి. పైన మిగిలిన గుడ్డ ఎంత ఉందో అంతా లోపలికి వెళ్ళాలి. పట్టుచీర అయితే కట్ట మందంగా ఉంటుంది, ఒక్కసారిగా కుక్కకుండా అరచేత్తో బల్లపరుపుగా అదిమి దోపండి.

దోపాక పొట్ట దగ్గర, ఎడమ పక్కన కొంచెం గుడ్డ మిగిలి ఉబ్బినట్టు ఉంటే దాన్ని కూడా చిన్న మడతగా వెనక్కి తోసి దోపుకోవాలి. చీర కట్టు కుదిరిందా లేదా అన్నది ఎక్కువగా ఈ చిన్న మడత దగ్గరే తేలుతుంది.

పిన్నులు తక్కువైతేనే మంచిది

ఇంజనీరింగ్ చివరి ఏడాది ఫేర్‌వెల్‌కి మా అమ్మ పట్టుచీర కట్టుకుని, ఊడిపోతుందనే భయంతో పన్నెండు పిన్నులు పెట్టుకున్నాను. సాయంత్రం ఎవరో పైట తొక్కితే నేను ముందుకి నడిచాను, భుజం దగ్గర పిన్ను ఊడలేదు, చీరే మూడంగుళాలు చిరిగింది. అమ్మ తిట్టలేదు. ఆ చీర మాత్రం మళ్ళీ బీరువాలోంచి తీయలేదు. అప్పట్నుంచి నాకు మూడే పిన్నులు: భుజం దగ్గర ఒకటి, కుచ్చిళ్ళ పైన లోపలికి ఒకటి, అవసరమైతే ఎడమ నడుము పక్కన ఒకటి.

పిన్ను జరీలోంచి గుచ్చొద్దు, జరీ తెగితే రఫూ చేసినా అతుకు తెలుస్తుంది. భుజం పిన్ను చీర పైనుంచి కాకుండా జాకెట్టు లోపలినుంచి గుచ్చితే పైకి కనిపించదు. పిన్ను చుట్ట ఉండే వైపు దారాలు చిక్కుకుని లాగేస్తాయి కాబట్టి, గుచ్చే ముందు ఒక చిన్న పూసని దాంట్లోకి ఎక్కించి చుట్ట దాకా జరపండి. ఉప్పాడ, వెంకటగిరి లాంటి సన్నటి నేతలకి ఇది తప్పనిసరి.

పైటకి మడతలు పెట్టకుండా ఒంటి పొరగా వదిలేయడం అందంగానే ఉంటుంది, కానీ చేయి ఖాళీగా ఉండదు. వడ్డించాలన్నా పిల్లల్ని ఎత్తుకోవాలన్నా మడతల పైటే నయం.

కట్టుకున్నాక

గుమ్మం దాటే ముందు ఇంట్లోనే ఒకసారి కూర్చుని లేవండి, నాలుగు మెట్లు ఎక్కి దిగండి. ఏదైనా ఊడేదుంటే అక్కడే ఊడుతుంది. మెట్లు ఎక్కేటప్పుడు కుచ్చిళ్ళని మధ్యలో పట్టుకుని కొంచెం పైకెత్తాలి, పక్కలు పట్టుకుని ఎత్తితే దోపినది బయటికి వచ్చేస్తుంది. బాత్రూమ్‌కి వెళ్ళాలంటే చీరనీ లంగానీ కలిపి కిందినుంచి పైకి ఎత్తుకోవాలి, పైనుంచి దించే ప్రయత్నం చేస్తే మళ్ళీ ఈ వ్యాసం మొదటినుంచి చదువుకోవాల్సి వస్తుంది.

బండి వెనక కూర్చునేవాళ్ళు పైటని ముందుకి తెచ్చి నడుములో దోపుకోండి, కుచ్చిళ్ళు చేత్తో పట్టుకోండి. వెనక చక్రంలో బట్టలు చిక్కుకోకుండా కనీసం సగం చక్రాన్ని కప్పే రక్షణ ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది, మనం శారీ గార్డ్ అనేది దాన్నే. స్టైల్ కోసం దాన్ని పీకేసిన బండి మీద చీరతో ఎక్కొద్దు, ఆటో పిలవండి.

ఇంటికొచ్చాక అన్నిటికన్నా ముందు పిన్నులు తీయండి, ఆ తర్వాతే చీర. చెమట తడి ఆరేదాకా నీడలో ఒక గంట ఆరేసి, పట్టుదైతే పాత కాటన్ గుడ్డలో చుట్టి పెట్టండి, షాపువాళ్ళిచ్చిన ప్లాస్టిక్ కవర్లో కాదు. రెండు మూడు నెలలకోసారి తీసి మడత మార్చాలి, లేకపోతే జరీ ఒకే గీత మీద విరుగుతుంది.