ఇంజిన్ కట్టించిన పాత మారుతి 800తో బెంగళూరులో మైలేజీ రాబట్టడం ఎలా?

ఇంజిన్ బోరు కొట్టించి, కొత్త పిస్టన్లూ రింగులూ వేయించి, నెల్లూరు నుంచి బెంగళూరులోని మారతహళ్లికి తోలుకొచ్చిన మా నాన్నగారి 1997 మారుతి 800 మొదటి నెల లీటరుకు పదకొండు చిల్లర ఇచ్చింది. అంత డబ్బు పోశాక ఇదేం ఖర్మ అనుకున్నాను. తీరా చూస్తే ఇంజిన్‌కి ఏ రోగమూ లేదు, దాని చుట్టూ ఉన్న చిన్నాచితకా వాటి దగ్గరే పెట్రోలు కారిపోతోంది. నేను తడుముకుంటూ చేసిన పనులే ఇవి, చేసుండాల్సిన వరుసలో చెప్తున్నాను.

ముందు లెక్క తేల్చండి

పెట్రోలు ముల్లు చూసి మైలేజీ చెప్పొద్దు. ఒకే బంకులో, వీలైతే ఒకే పంపు దగ్గర, గన్ను మొదటిసారి టక్కుమని ఆగేదాకా కొట్టించండి. "రౌండ్ ఫిగర్ చేసేద్దామా సార్" అంటే వద్దనండి. రెండొందల కిలోమీటర్లు దాటాక అక్కడే, అలాగే మళ్లీ నింపించి భాగించండి. నాకు 203 కిలోమీటర్లకు 18.1 లీటర్లు పట్టింది.

బండికి అందం కోసం 13 అంగుళాల వీల్స్ వేయించి ఉంటే ఈ లెక్కే తప్పు. కంపెనీ టైరు 145/70 ఆర్12. దాని స్థానంలో 155/70 ఆర్13 వేస్తే చక్రం చుట్టుకొలత దాదాపు 8 శాతం పెరుగుతుంది. అంటే మీటరు 100 చూపించేసరికి బండి 108 దాకా నడిచి ఉంటుంది. ఫోన్ మ్యాపుతో ఒకసారి సరిచూసుకోండి. మైలేజీ పోయిందని ఏడ్చేవాళ్లలో కొందరికి పోయింది లెక్కే.

కొత్త రింగులు కుదురుకోనివ్వండి

మొదటి వెయ్యి కిలోమీటర్లు మైలేజీ గురించి తీర్పు చెప్పొద్దు. రింగులు సిలిండరు గోడలకు ఒరుసుకుని అమరేదాకా రాపిడి ఎక్కువే ఉంటుంది. గట్టిగా తొక్కొద్దు, అలాగని ఒకే వేగంలో ఈడ్చొద్దు కూడా. నాలుగో గేరులో మూలిగిస్తే ఇంకా చేటు. మెకానిక్ చెప్పిన కిలోమీటర్లకు ఆయిలు మార్పించి, ట్యాపెట్లు (వాల్వుల దగ్గరి సందు) మళ్లీ చూపించండి. హెడ్ విప్పి కట్టాక అవి కాస్త కదులుతాయి.

థర్మోస్టాట్ ఉందో లేదో చూడండి

ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపే చిన్న వాల్వే థర్మోస్టాట్. అది లేకపోవడమే నా పెట్రోలు ఎక్కువగా తాగింది. ఇంజిన్ కట్టిన షెడ్డులో "మన ఎండలకి ఇదెందుకు సార్" అని థర్మోస్టాట్ పీకేశారు. నెల్లూరు మే నెలలో అది తెలివిగానే అనిపిస్తుంది. బెంగళూరు డిసెంబరు పొద్దున ఇంజిన్ వేడెక్కదు, పెట్రోలు ఆవిరి కాకుండా మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి వెళ్లే గొట్టం) గోడలకే అంటుకుంటుంది, మనం గాలి తగ్గించి పెట్రోలు పాలు పెంచే చోక్ లాగి పట్టుకుంటాం.

కనిపెట్టడం తేలిక. పొద్దున్నే చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి, ఫ్యాను దగ్గరికి చెయ్యి పోనివ్వకుండా రేడియేటర్ పై హోసు పట్టుకోండి. థర్మోస్టాట్ ఉంటే ఆ హోసు కొన్ని నిమిషాలు చల్లగానే ఉండి, తర్వాత ఉన్నట్టుండి కాలుతుంది. లేకపోతే మొదటినుంచీ మెల్లగా గోరువెచ్చనవుతూ పోతుంది. నాది రెండోరకం. జేసీ రోడ్డులో కొత్తది కొని వేయించాను. బిగించే ముందు కొత్తదాన్నీ గిన్నెలో మరిగే నీళ్లలో వేసి, నోరు తెరుస్తుందో లేదో చూడటం మంచిది.

కార్బురేటర్‌ని ఈ ఊరికి అలవాటు చేయండి

బెంగళూరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తులో ఉంది. నెల్లూరుతో పోలిస్తే ఇక్కడి గాలి 8-9 శాతం పలచన. గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటర్‌కి ఆ తేడా పూర్తిగా తెలియదు. గాలి తగ్గినంతగా పెట్రోలు తగ్గించదు. అందుకే కింద కుదురుగా ట్యూన్ చేసిన బండి ఇక్కడ రిచ్‌గా, అంటే గాలికి మించిన పెట్రోలుతో, నడుస్తుంది. ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ లేకుండా కంప్యూటరే పెట్రోలు చిమ్మించే) బండి సెన్సార్లతో తనే సర్దుకుంటుంది కాబట్టి, అది ఉన్నవాళ్లు ఈ భాగం వదిలేయొచ్చు.

ముందు ఎయిర్ ఫిల్టర్ మూత తీసి, చోక్ నాబ్ పూర్తిగా లోపలికి నెట్టి చూడండి. చోక్ రేకు నిటారుగా నిలబడాలి. నా బండిలో కేబుల్ పట్టేసి, రేకు కొంచెం వాలి ఉండేది. తర్వాత మూడు ప్లగ్గులూ విప్పండి. ఇటుక, బిస్కెట్ రంగుల మధ్య ఉంటే బాగున్నట్టు. పొడి మసి పట్టి ఉంటే రిచ్, తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదు.

అందరూ డాష్‌బోర్డులో పడేసే ఎమిషన్ టెస్ట్ చీటీ కూడా పనికొస్తుంది. అందులో ఐడిలింగ్‌లో (బండి ఆగి ఇంజిన్ నడుస్తుండగా) పొగలోని సీఓ, అంటే కార్బన్ మోనాక్సైడ్, శాతం రాసి ఉంటుంది. రిచ్‌గా ఉంటే అది ఎక్కువ వస్తుంది. ట్యూనింగుకి ముందోసారి, తర్వాతోసారి చేయించి పోల్చండి. "నాకు చెవితోనే తెలిసిపోతుంది" అనే మెకానిక్‌కి ఆ అంకె చూపించండి. ఐడిలింగ్ ఒక్కటే సరిచేసి ఊరుకోవద్దు, పాయింటు గ్యాపు చూపించి, ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గులో నిప్పురవ్వ పడే సమయం) కూడా టైమింగ్ లైటుతో చూపించండి.

ఇప్పటి పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. లీటరు ఇథనాల్‌లో పెట్రోలు శక్తిలో మూడింట రెండొంతులే ఉంటుంది కాబట్టి, మైలేజీ కొంచెం తగ్గడం బండి తప్పు కాదు. పైగా ఇథనాల్ గాలి-పెట్రోలు మిశ్రమాన్ని పలచన చేస్తుంది. అందుకే మునుపటి పెట్రోలుతో ట్యూన్ చేసిన బండిని ఇప్పుడు మళ్లీ చూపించాలి. పాత రబ్బరు పెట్రోలు పైపులు ఎండి పగిలాయేమో వంగి చూడండి, అనుమానం ఉంటే ఇథనాల్ తట్టుకునేవి వేయించండి. ఇది మైలేజీకి మించి ప్రాణాలతో పని.

చక్రాలు వదులుగా తిరగాలి

చదునైన చోట ఆపి, ముందు చక్రాలకు అడ్డు పెట్టి, వెనక చక్రం జాకీ మీద ఎత్తి, హ్యాండ్ బ్రేక్ వదిలేసి చేత్తో తిప్పండి. రెండు మూడు చుట్లు తిరగకుండా ఆగిపోతే డ్రమ్ములో బ్రేకు పట్టేస్తోంది. టైర్లలో గాలి, తలుపు దగ్గరి స్టిక్కరు చెప్పినంత, చల్లగా ఉన్నప్పుడే కొట్టించండి. ఇక డిక్కీలోని బియ్యం మూట సంగతి మీకే వదిలేస్తున్నాను.

తోలే తీరు

సిల్క్ బోర్డు జంక్షను ట్రాఫిక్‌లో ఏ ట్యూనింగూ మిమ్మల్ని కాపాడదు. ముందు బండికి అతుక్కుని పోయి బ్రేకు కొట్టే బదులు కాస్త జాగా వదిలి, రెండో గేరులో పాకించండి. సిగ్నల్ అంకె అరవై దాటి ఉంటే ఇంజిన్ ఆపేయండి, బ్యాటరీ బాగుంటేనే. నంది కొండ దిగేటప్పుడు న్యూట్రల్ వేసి పెట్రోలు మిగిలిస్తామనే వీరులున్నారు. వద్దు. గేరులో ఉంటేనే ఇంజిన్ బండిని పట్టి ఉంచుతుంది, లేకపోతే భారమంతా ఆ చిన్న బ్రేకులమీదే పడుతుంది.

ఒక్కో మార్పు తర్వాత ఒక ట్యాంకు లెక్క రాసుకోండి, రెండు పనులు ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో తెలియదు. నా పుస్తకంలో థర్మోస్టాట్ తర్వాత 12.8, చోక్ కేబుల్, ట్యూనింగ్ తర్వాత 14.6, వెనక ఎడమ బ్రేకు సర్దాక 15.2 అని ఉంది.