ఫ్యాక్ట్ టేబుల్‌లో అమ్మకాలు ఎక్కువ చూపిస్తే: నా అనుభవం

డేటా వేర్‌హౌస్ ట్రైనింగ్‌లో ప్రాక్టీస్ ప్రాజెక్ట్ లోడ్ చేశాక, సోర్స్‌ కంటే ఫ్యాక్ట్ టేబుల్‌లో (అమ్మకాల్లాంటి అంకెలు ఉండే టేబుల్‌లో) అమ్మకాల మొత్తం ఎక్కువ వచ్చింది. ఎర్రర్ ఒక్కటీ లేదు, అసలు టెన్షన్ అదే. ఆర్డర్ నంబర్‌తో గ్రూప్ చేసి చూస్తే, ఊరు మారిన కస్టమర్ల ఆర్డర్లే రెండేసి సార్లు పడ్డాయి. కస్టమర్ డైమెన్షన్ (కస్టమర్ వివరాల టేబుల్) టైప్ 2 కదా, అంటే వివరం మారితే పాతది చెరపకుండా కొత్త రికార్డు చేరుస్తాం; వరంగల్ నుంచి గుంటూరు మారిన మనిషికి పాత రికార్డూ, కొత్త రికార్డూ రెండూ ఉంటాయి. లోడ్ క్వెరీ మాత్రం కస్టమర్ ఐడీ ఒక్కదానితోనే జాయిన్ చేస్తోంది, అందుకే ఒక్కో ఆర్డర్ ఆ రెండు రికార్డులతోనూ కలుస్తోంది.

ఆర్డర్ తేదీ రికార్డు మొదలు తేదీ నాడు గానీ ఆ తర్వాత గానీ ఉండాలి, ముగింపు తేదీకి ముందే ఉండాలి అని షరతు కలిపి, ఆ రికార్డు సరోగేట్ కీనే (ఒక్కో రికార్డుకూ వేర్‌హౌస్ ఇచ్చే సొంత నంబర్) ఫ్యాక్ట్‌లోకి పంపాను. పాత రికార్డు ముగిసిన తేదీనే కొత్తది మొదలైతే బిట్వీన్ (మొదలు, ముగింపు తేదీలు రెండింటినీ కలుపుకునే షరతు) వాడొద్దు, ఆ రోజు ఆర్డర్లు మళ్ళీ రెండుసార్లు పడతాయి. ప్రస్తుత రికార్డు ఇంకా ముగియలేదు కాబట్టి దానికి ముగింపు తేదీ 9999-12-31 పెట్టండి. కరెంట్ ఫ్లాగ్‌తో (ఇదే ప్రస్తుత రికార్డు అని చెప్పే గుర్తు) జాయిన్ చేసినా మొత్తం సరిపోతుంది గానీ, వరంగల్ పాత అమ్మకాలన్నీ గుంటూరు లెక్కలోకి వెళ్ళిపోతాయి. ఫ్యాక్ట్ టేబుల్‌ని ట్రంకేట్ చేసి (పూర్తిగా ఖాళీ చేసి) మళ్ళీ లోడ్ చేస్తే పైసాతో సహా సరిపోయింది.