గేదె నెమరు ఆపేస్తే ఏ మందు వేయాలి, ఎలా తాగించాలి?

దుగ్గిరాల పక్కన మా ఊళ్లో ఒక మాఘమాసం పెళ్లిలో అన్నం చాలా మిగిలింది. పారబోయడానికి మనసొప్పక మా పిన్ని రెండు బకెట్లు తెచ్చి గేదె ముందు పెట్టింది. ఈని నెల కూడా కాని ముర్రా గేదె అది. తెల్లారేసరికి మేత ముట్టలేదు, నెమరు వేయలేదు. పక్కింటాయన మూతి పైకెత్తి పట్టుకుంటే మా బాబాయి సీసాతో పొట్ట మందు పోశాడు. గేదె దగ్గింది. అయినా ఆపకుండా సీసా ఖాళీ చేశాడు. మర్నాటికి ఆయాసం పట్టుకుంది, నాలుగో రోజు చనిపోయింది. "అన్నం తిన్నందుకు బతికించేవాళ్లమేనమ్మా, మందు ఊపిరితిత్తుల్లోకి పోయింది" అన్నారు డాక్టరుగారు.

మందు ఎంపిక కంటే మందు పోసే తీరే ఎక్కువ ప్రాణాలు తీస్తుందని ఆ రోజు నాకు అర్థమైంది.

ముందు డొక్క చూడండి

గేదె ఎడమ పక్క, చివరి పక్కటెముక వెనక చిన్న గుంట ఉంటుంది. అక్కడ పిడికిలి గట్టిగా ఆనించి రెండు నిమిషాలు ఉంచండి. ఆరోగ్యంగా ఉంటే లోపలి నుంచి పొట్ట మీ చేతిని రెండు మూడు సార్లు నెడుతుంది. ఏ కదలికా లేకపోతే పొట్ట ఆగిపోయినట్టే. గుంట పూడిపోయి, వేళ్లతో తడితే డప్పులా మోగితే గాలి చేరింది. అదుముతే పిండి ముద్దలా సొట్ట పడితే మేత పేరుకుపోయింది. పేడ కూడా చూడండి: పల్చగా, పుల్లటి వాసనతో, మెతుకులు కనిపిస్తుంటే అన్నమో గింజలో ఎక్కువైనట్టు.

నిన్నటి నుంచి ఏం తిన్నదో గుర్తు చేసుకోండి. డాక్టరు అడిగే మొదటి ప్రశ్న అదే. మొహమాటపడి పెళ్లి అన్నం మాట దాచకండి.

ఏ జబ్బుకు ఏ మందు

అన్నం, నూకలు, పిండి ఎక్కువైతే పొట్టలో లాక్టిక్ ఆమ్లం తయారవుతుంది. అప్పుడు కావాల్సింది ఆ పులుపును విరిచే మందు: తినే సోడా, మెగ్నీషియం హైడ్రాక్సైడ్ లాంటివి. ఎంత ఇవ్వాలో తిన్న మోతాదును, గేదె బరువును బట్టి డాక్టరు చెప్పాలి. తీవ్రమైతే నరంలోకి సెలైన్, సోడా బైకార్బ్ ఎక్కించాల్సిందే. ఆకలి పుట్టించే జీర్ణ పొడులు ఇక్కడ పనిచేయవు, వాటితో పూట గడిపేస్తే గేదె పడిపోతుంది.

వరి కోతల తర్వాత మన డెల్టాలో పిల్లిపెసర మీదికి పశువులను తోలుతాం కదా, అప్పుడు వచ్చే ఉబ్బరం వేరు. లేత పిల్లిపెసర, లూసర్న్ తింటే పొట్టలో గాలి నురగలా మారి, తేన్పుగా బయటికి రాదు. నురగను విరగ్గొట్టే సిమెథికోన్ మందు దీనికి సరైనది. అది అందేలోపు పెద్ద గేదెకు 250 నుంచి 300 మిల్లీలీటర్ల వేరుశనగ నూనె తాగించవచ్చు. ముందు కాళ్లు ఎత్తు మీద ఉండేలా నిలబెట్టండి. వేప కర్రను కళ్లెంలా నోట్లో అడ్డంగా కడితే నములుతూ లాలాజలం మింగుతుంది, తేన్పులు వస్తాయి. నాలుక చాచి ఊపిరికి కొట్టుకుంటుంటే మాత్రం ఇంటి వైద్యం ఆపి 1962కు ఫోన్ చేయండి, పశువుల అంబులెన్స్ వస్తుంది. డాక్టరు ట్రోకార్ అనే గొట్టపు సూదితో డొక్కలోంచి గాలి తీస్తారు. కత్తితో పొడవకండి.

లేత జొన్న పిలకలు తిని నిమిషాల్లో వణికి పడిపోతే అది నాము, అంటే సయనైడ్ విషం. దానికి పొట్ట మందులు పనికిరావు. విరుగుడు సోడియం థయోసల్ఫేట్ ఇంజెక్షన్, క్షణాల మీద కావాలి.

తాగించే పద్ధతి

గేదె నిలబడి ఉండాలి. పడుకుని లేవలేకపోతున్నా, మింగలేకపోతున్నా నోటి ద్వారా ఏదీ పోయకండి.

గాజు సీసా వద్దు, కొరికితే పగులుతుంది. ప్లాస్టిక్ సీసా గానీ నున్నగా చెక్కిన వెదురు గొట్టం గానీ తీసుకోండి. తల పక్కన నిలబడి, ఒక చేత్తో మూతి కింద పట్టుకుని, నుదుటి నుంచి మూతి వరకు నేలకు సమానంగా ఉండేంతవరకే ఎత్తండి. అంతకంటే పైకెత్తితే మందు గొంతులో దారి తప్పుతుంది. నోటి మూలన, ముందు పళ్లకూ దవడ పళ్లకూ మధ్య పళ్లు లేని ఖాళీ ఉంటుంది. సీసా మూతిని అక్కడ పెట్టి, ఒక గుక్కకు సరిపడా పోసి ఆగండి. గొంతు దగ్గర మింగిన కదలిక కళ్లారా చూశాకే రెండో గుక్క.

నాలుక బయటికి లాగి పట్టుకోకండి, నాలుక ఆడకపోతే మింగలేదు. ముక్కు మూయకండి. దగ్గిందంటే వెంటనే తల వదిలేయండి, కిందికి దించుకుని అదే సర్దుకుంటుంది. నూనె విషయంలో ఇంకా జాగ్రత్త, అది దగ్గు కూడా రాకుండా ఊపిరితిత్తుల్లోకి జారగలదు. లీటరు మందుకు పావుగంట పట్టినా పట్టనివ్వండి.

దూడ పారుకుంటే

ముందు నీళ్లు, తర్వాతే మందు. దూడలు చాలావరకు పోయేది ఒంట్లో నీరు ఆరిపోవడం వల్ల. మెడ మీద చర్మం పట్టి లాగి వదిలితే వెంటనే వెనక్కి పోవాలి, ముడత అలాగే నిలబడితే నీరు తగ్గింది. లీటరు నీళ్లలో ఒక ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కలిపి, కొద్దికొద్దిగా రోజులో పలుమార్లు తాగించండి. తల్లి పాలు పూర్తిగా మానిపించకండి. రక్తం పడుతున్నా, లేవలేకపోతున్నా సెలైన్ కావాలి.

షాపులో అడగ్గానే యాంటీబయాటిక్ చేతిలో పెట్టేవాళ్లున్నారు. అన్ని పారుళ్లకూ అది అక్కర్లేదు, చీటీ లేకుండా కొనకండి. కొలిస్టిన్ అనే మందునైతే పాడి పశువులకు, కోళ్లకు వాడకూడదని 2019లో కేంద్రం నిషేధించింది. మనుషులకు ఏ మందూ పనిచేయనప్పుడు మిగిలే చివరి మందుల్లో అదొకటి.

గేదె దూడల్లో ఏలికపాములు తల్లి పాల ద్వారానే వస్తాయి. అందుకే పుట్టిన 10-15 రోజులకే పైపరజిన్ తొలి మోతాదు వేయిస్తారు. మీ ఊరి పశుసంవర్ధక సహాయకుణ్ని అడిగితే తేదీలు చెబుతారు.

పెద్ద పశువుకు పురుగుల మందు

మన కాలవల్లో నత్తలు ఎక్కువ, వాటి వల్ల కార్జపు జలగలు, పొట్ట జలగలు అనే పురుగులు లోపల చేరతాయి. దవడ కింద సంచిలా నీరు దిగితే, పారుకుంటూ చిక్కిపోతే పేడ పరీక్ష చేయించండి. జలగలకు ఆక్సీక్లోజనైడ్, గుండ్రటి పురుగులకు ఫెన్‌బెండజోల్, ఆల్బెండజోల్ రాస్తారు. చూలు కట్టి 45 రోజులు దాటని గేదెకు ఆల్బెండజోల్ వద్దు, ఎప్పుడు కట్టిందో డాక్టరుకు చెప్పండి.

మోతాదు బరువును బట్టే. టేపుతో ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత, భుజం నుంచి పిరుదు ఎముక వరకు పొడవు అంగుళాల్లో కొలవండి. చుట్టుకొలతను దానితోనే గుణించి, మళ్లీ పొడవుతో గుణించి, 660తో భాగిస్తే కిలోలు వస్తాయి. 72 అంగుళాల చుట్టు, 56 అంగుళాల పొడవు ఉంటే దాదాపు 440 కిలోలు. డాక్టరు కిలోకు 10 మిల్లీగ్రాములు రాస్తే 4,400 మిల్లీగ్రాములు కావాలి. తక్కువ వేస్తే పురుగులు చావకుండా ఆ మందుకు అలవాటు పడతాయి.

మందు వేసిన రోజున కొట్టం తలుపు మీద తేదీ, పూట చాక్‌పీస్‌తో రాయండి. పాలు ఎన్ని రోజులు వాడకూడదో లేబుల్ మీద ఉంటుంది, ఆల్బెండజోల్‌కు చాలా లేబుళ్ల మీద 72 గంటలని రాసి ఉంటుంది. ఆ పాలు పాల సేకరణ కేంద్రానికి పోయకండి, ఇంట్లో పిల్లలకూ పోయకండి. మా పిన్ని ఇప్పుడు కొత్త గేదె కట్టుకొయ్య పక్కనే ఒక పలక వేలాడదీసింది, పాలు పిండే ముందు దాన్ని చూసే చెంబు తీసుకుంటుంది.