కొబ్బరి చిప్ప, మట్టి కుండీ, పైపు ముక్క: అక్వేరియం చేపలకు ఇంట్లోనే గుహలు

దాక్కునే చోటు లేకపోతే చేప ఎప్పుడూ కళ్ళెదుటే తిరుగుతుందని చాలామంది అనుకుంటారు. జరిగేది వేరు. ఫిల్టరు వెనకాల ఇరుక్కుని, రంగు వెలిసి, మేత వేసినప్పుడు తప్ప బయటికి రాదు. దూరడానికి ఓ చోటుందన్న ధీమా ఉన్న చేపే నడిమధ్యకొచ్చి ఆడుతుంది. ఆ చోటు కోసం దుకాణంలో రంగురంగుల బొమ్మ గుహలు కొనక్కర్లేదు.

ముందు వాకిలి కొలత తేల్చుకోండి. చేప వీపు నుంచి పొట్ట దాకా ఎంత ఎత్తుందో దానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి. క్రిబెన్సిస్ లాంటి చిన్న సిక్లిడ్లకు 4 సెం.మీ. చాలు. మరీ పెద్దగా ఉంటే రౌడీ చేప కూడా దూరుతుంది, ఇక అది గుహ కాదు. మరీ బిగుతైతే చేప తల దూర్చి ఇరుక్కుంటుంది. దుకాణాల్లో సక్కర్ అని అమ్మే ప్లెకోకి మాత్రం ఈ లెక్కలేవీ పనికిరావు. అది అడుగు పైన పెరిగే చేప, ఏ చిప్పా దాన్ని దాచలేదు. గోల్డ్‌ఫిష్‌కి అసలు గుహే వద్దు. ముఖ్యంగా కనుగుడ్లు బయటికి పొడుచుకొచ్చిన రకాలు కళ్ళు గీరుకుంటాయి.

అన్నిట్లోకీ మేలైనది కొబ్బరి చిప్ప. విశాఖ బీచ్ రోడ్డులో తాగి పారేసే బొండాం మాత్రం కాదు. లేత కాయ పెంకు గట్టిపడి ఉండదు, నీళ్ళలో తొందరగా కుళ్ళుతుంది. బాగా ముదిరిన కాయే కావాలి. గుడి దగ్గర కొట్టిన కాయ వంకరటింకరగా పగులుతుంది కాబట్టి, కన్నులోంచి నీళ్ళు వంపేసి నడిమికి హ్యాక్సా బ్లేడుతో కోస్తే అంచు సమంగా వస్తుంది. కొబ్బరి ఊడకపోతే చిప్పను సన్నటి మంట మీద కాసేపు తిప్పండి, వదులవుతుంది. లోపల తెల్లటి పొర ఇసుమంత మిగిలినా అదే కుళ్ళి నీళ్ళు మబ్బుగా మారతాయి, అమ్మోనియా పెరుగుతుంది. అందుకని చెంచాతో గీకాక వేలితో తడిమి చూడండి: జిడ్డు తగిలితే పని అవలేదన్నమాట. బయటి పీచు కూడా పూర్తిగా గీకేయాలి.

ఇప్పుడు వాకిలి. చిప్పను బోర్లించి అంచు మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, రెండు నిలువు కోతలు కోయండి. పై గీత వెంట 3 మి.మీ. బిట్‌తో దగ్గర దగ్గరగా రంధ్రాలు వేసి, మధ్య ముక్కను పట్టకారుతో విరిచేయండి. డ్రిల్లు హ్యామర్ మోడ్‌లో ఉంటే చిప్ప నిలువునా చీలుతుంది, జాగ్రత్త. నడినెత్తిన 5 మి.మీ. రంధ్రం ఒకటి తప్పనిసరి. అది లేకపోతే లోపల గాలి చిక్కుకుని చిప్ప పైకి లేస్తుంది, తర్వాత లోపలి నీళ్ళూ కదలవు. ఒకే ట్యాంకులో కొట్లాడుకునే చేపలుంటే వెనక రెండో వాకిలి తీయండి. తరిమే చేప ముందునుంచి వస్తే ఓడిన చేప వెనకనుంచి పోవాలి కదా.

అంచుల్ని మొదట 80 నంబరు, తర్వాత 120 నంబరు ఉప్పు కాగితంతో రుద్దండి. అంచు వెంట దూది లాగి చూడండి. ఒక్క పోగు తట్టుకున్నా ఫైటర్ చేప రెక్క కూడా అక్కడే చిరుగుతుంది.

తర్వాత 20 నిమిషాలు ఉడకబెట్టి ఆ నీళ్ళు పారబోయండి. డికాక్షన్‌లా దిగే రంగు పలచబడేదాకా, అంటే మూడు నాలుగు సార్లు, ఇలాగే చేయాలి. ఆపైన వారం రోజులు బకెట్లో నానబెట్టి, రోజూ నీళ్ళు మార్చండి. ఆ తర్వాత కూడా కొంచెం రంగు దిగొచ్చు. అది టానిన్, అంటే చిప్పలోంచి సహజంగా దిగే రంగు పదార్థం, టెట్రాలకూ ఫైటర్లకూ హాని లేదు. ట్యాంకులో పెట్టిన కొద్ది రోజులకు చిప్ప మీద తెల్లటి జిగురు పొర కడితే కంగారు పడకండి, ఒకటి రెండు వారాల్లో దానంతటదే పోతుంది. కుళ్ళు కంపు కొడితే మాత్రం వెంటనే తీసేయాలి.

మట్టి కుండీకి ఇంత శ్రమ లేదు. పూర్ణా మార్కెట్టులోనో, రోడ్డు పక్కన కుమ్మరుల దగ్గరో చిన్నది తీసుకుని తడిగుడ్డతో గట్టిగా రుద్దండి. గుడ్డకు ఎరుపు అంటితే అది పూత రంగు, ఆ కుండీ వద్దు. మెరుపు పూత ఉన్నవీ, మొక్కలు పెంచి పురుగుమందు కొట్టినవీ వద్దు, మట్టి మందును పీల్చేసుకుంటుంది. ఒక రాత్రి నానబెట్టి, పక్కకు పడుకోబెట్టి, ఇసుకలో మూడోవంతు పూడిస్తే గుహ సిద్ధం. అసలు ప్రమాదం కుండీ అడుగున నీళ్ళు కారే రంధ్రం. చేప తల దూర్చి, మొప్పలు అడ్డుపడి వెనక్కి రాలేక చస్తుంది. దాన్ని టైల్ ముక్కతో, సిలికాన్‌తో మూసేయండి.

ప్లెకోల్లోనే చిన్న రకమైన బ్రిసిల్‌నోజ్ ప్లెకోలు గుడ్లు పెట్టాలంటే ఒక చివర మూసిన పైపు కావాలి. 40 మి.మీ. పైపు 12 నుంచి 15 సెం.మీ. పొడవు కోయండి. మగది లోపలే ఉండి రెక్కలతో గుడ్ల మీదికి నీళ్ళు విసురుతుంది కాబట్టి పైపు దాని ఒంటికి బిగువుగానే ఉండాలి. తాగునీటికి వాడే, ఐఎస్ 4985 ముద్రతో పాటు లెడ్ ఫ్రీ అని ఉన్న పైపే తీసుకోండి. బూడిద రంగు నచ్చకపోతే సిలికాన్ పూసి ఇసుకలో దొర్లించండి.

సిలికాన్ అంటే వెనిగర్ వాసన కొట్టే మామూలు రకం. ట్యూబు మీద బాత్రూముకనీ, బూజు పట్టదనీ రాసి ఉంటే అందులో బూజు మందు ఉంటుంది, చేపలకు విషం. విశాఖ ఉక్కపోతకు పైపొర గబగబా ఆరుతుంది, కానీ లోపల రోజుకు సుమారు 2-3 మి.మీ. మాత్రమే గట్టిపడుతుంది. వేలికి ఆరినట్టు తగిలిందని నీళ్ళలో పెట్టేయకండి. వాసన పూర్తిగా పోయేదాకా, కనీసం మూడు రోజులు ఆగాలి.

రాళ్ళ సంగతికొస్తే, సముద్రం ఒడ్డు నుంచి తేకండి. గవ్వ ముక్కలు కరిగి నీటి కాఠిన్యం, పీహెచ్ పెరుగుతాయి. భీమిలి వైపు నల్ల ఇసుకలో ఇనుప ఖనిజం రేణువులుంటాయి, అవి ఫిల్టరు మోటారు అయస్కాంతానికి పట్టుకుంటాయి. మన కొండల్లో దొరికే ఖోండలైట్ అనే ఎర్రటి రాయి విషం కాదు గానీ, శిథిలమైన రాయి గోటితో గీస్తే పొడి రాలుతుంది. వంటగది గట్లకు కోయగా మిగిలిన గ్రానైట్ ముక్కలు మేలు. ఏ రాయైనా వెనిగర్ చుక్క వేసి చూడండి. నురగ వస్తే సున్నపురాయి. నాపరాయి మీద ఇలాగే నురగ వస్తుంది. ఆఫ్రికా పెద్ద సరస్సుల సిక్లిడ్లకు అది సరే, టెట్రాలకు వద్దు. రాళ్ళు పేర్చేటప్పుడు ఇసుక మీద కాదు, అడుగు గాజు మీద పలచని ఫోమ్ షీటు పరిచి పేర్చండి. సిక్లిడ్లు కింద ఇసుక తవ్వితే గుహ కూలి గాజు పగులుతుంది.

గుహలు ఎన్ని? అడుగున తిరిగే చేపలెన్నో అంతకు ఒకటి ఎక్కువ. వాకిలి దీపం వైపు కాకుండా, ఫిల్టరు ధార సూటిగా కొట్టకుండా తిప్పండి. వారానికోసారి సైఫన్ గొట్టం లోపల పెట్టి చెత్త లాగేయండి. ఒక చేప రెండు రోజులు కనిపించకపోతే గుహ ఎత్తి చూడాలి, చచ్చిన చేప లోపలుంటే మిగతావాటికీ ముప్పే. మగ ప్లెకో గుమ్మంలో రెక్కలాడిస్తూ కూర్చుంటే మాత్రం ముట్టుకోవద్దు. గుడ్లు పొదుగుతుంటుంది, కదిపితే గుడ్లను బయటికి నెట్టేయొచ్చు.