రొమ్ముకు రేడియేషన్: ఏ ఇబ్బంది ఎవరికి రావచ్చో ముందే పసిగట్టడం

రొమ్ము క్యాన్సర్‌కి ఇచ్చే రేడియేషన్‌ని ఊళ్లలో 'కరెంటు పెట్టడం' అంటారు. సగం భయం ఆ మాటతోనే వస్తుంది. నిజానికి మెషీన్ కింద పడుకున్నప్పుడు ఏమీ తెలియదు. ఇబ్బందులు తర్వాత వస్తాయి, వాటిలో చాలావాటిని ముందే అంచనా వేయొచ్చు. మొదటి సిట్టింగ్‌కి ముందే డాక్టర్‌ని అడగండి: మొత్తం ఎన్ని సిట్టింగులు? చంక, మెడ ఎముక దగ్గరా ఇస్తారా? ఎడమ వైపైతే గుండెకి ఎంత డోసు తగులుతుంది?

చర్మం ఎర్రబడి మండుతోంది, పొర ఊడుతోంది

కారణం: చర్మానికి చర్మం రాసుకునే చోటే ముందు చెడుతుంది, అంటే రొమ్ము కింది మడత, చంక. అందుకే రొమ్ము పెద్దగా ఉన్నవారికి, బరువు ఎక్కువున్నవారికి, పొగతాగేవారికి బాధ ఎక్కువ. 25 సిట్టింగుల్లో 50 గ్రే (రేడియేషన్ డోసుకి కొలత) ఇచ్చే పాత పద్ధతి కన్నా, 15 సిట్టింగుల్లో 40 గ్రే ఇస్తే చర్మం తక్కువ దెబ్బతింటుంది. సిట్టింగులు తగ్గాయంటే వైద్యం తగ్గించారని కాదు. మంట సాధారణంగా రెండు మూడు వారాలకు మొదలై, చికిత్స అయిపోయాక కూడా వారం పది రోజులు పెరుగుతుంది. హమ్మయ్య అనుకున్నాక పెరిగేసరికి ఇంట్లో అందరికీ టెన్షన్.

ఏం చేయాలి: గోరువెచ్చని నీళ్లు పోసుకుని, రుద్దకుండా మెత్తగా అద్దుకోండి. పాత నూలు చీర ముక్క ఉతికి మడత కింద పెట్టుకోండి. పసుపు, సున్నిపిండి వద్దు. చర్మం గీరుకుపోతుంది, పైగా రేడియేషన్ ఎక్కడివ్వాలో గుర్తుగా టెక్నీషియన్ గీసిన గీతలు చెరుగుతాయి. చెరిగితే మీరే పెన్నుతో దిద్దకండి. మొమెటాసోన్ అనే స్టెరాయిడ్ క్రీమ్ మొదటి నుంచీ రాస్తే మంట తగ్గుతుందని ట్రయల్స్‌లో తేలింది, మీకు పనికొస్తుందేమో డాక్టర్‌ని అడగండి. రసి కారితే అదే రోజు చూపించండి.

ఆ వైపు చేతి గాజులు బిగుతయ్యాయి

చంకలో గ్రంథులు తీసి, అక్కడే రేడియేషన్ కూడా ఇస్తే చేతిలో నీరు చేరే అవకాశం పెరుగుతుంది. బరువు తోడైతే ఇంకా ఎక్కువ. చికిత్సకు ముందే రెండు చేతులూ టేపుతో కొలిచి రాసుకోండి. తేడా వస్తే ఫిజియోథెరపిస్టుని కలవాలి, చేతికి బిగుతు స్లీవ్ తొడుక్కోవాలి. చెయ్యి ఎర్రగా, వేడిగా మారి జ్వరం వస్తే అది ఇన్ఫెక్షన్, ఆగకండి.

నెలల తర్వాత పొడి దగ్గు, ఆయాసం

ఒకటి నుంచి ఆరు నెలల మధ్య ఊపిరితిత్తి వాచి రావచ్చు. మన దగ్గర ముందు టీబీ అనుకుంటారు. కాబట్టి ఏ డాక్టర్ దగ్గరికెళ్లినా రేడియేషన్ సంగతి మొదట చెప్పండి. స్టెరాయిడ్లు రాస్తే, దగ్గు తగ్గిందని మీకు మీరే ఆపేయొద్దు.

నీరసం

చాలామందికి ఉంటుంది. రోజూ కాసేపు నడిస్తే తగ్గుతుంది. తల వెంట్రుకలు మాత్రం దీనివల్ల ఊడవు.

గుండె

ఇది వెంటనే బయటపడదు, అందుకే ముందుచూపు ఒక్కటే దారి. 2013లో స్వీడన్, డెన్మార్క్ మహిళలపై వచ్చిన అధ్యయనంలో, గుండెకి తగిలే సగటు డోసు ఒక్కో గ్రే పెరిగేకొద్దీ గుండెపోటు వంటి పెద్ద సమస్యల రిస్కు 7.4 శాతం పెరిగింది. బీపీ, షుగర్ ఉంటే ముందే చెప్పండి. రేడియేషన్ ఇచ్చేటప్పుడు నిండా ఊపిరి పీల్చి బిగబడితే గుండె రొమ్ము గోడకి దూరం జరుగుతుంది. ఆ సౌకర్యం ఉందేమో అడిగి, ప్లానింగ్ స్కాన్‌కి (రేడియేషన్ ఎక్కడ, ఎలా ఇవ్వాలో లెక్కవేసే స్కాన్) ముందే ఇంట్లో 20 సెకన్లు బిగబట్టడం ప్రాక్టీస్ చేయండి.