శాసనం చదువుదాం – 5: పగాన్ రాజకుమారుడు

పోయినసారి శక సంవత్సరానికి 78 కలిపి మన దానశాసనాల కాలం కట్టాం. ఈసారి మయన్మార్ వెళ్దాం. అక్కడి పాత రాజధాని పగాన్ దగ్గరి మ్యింకబా ఊళ్లో మ్యాజెడి శాసనం ఉంది. స్తంభానికి నాలుగు ముఖాలు, వాటిమీద నాలుగు భాషలు: పాళీ, ప్యూ, మోన్, పాత బర్మీస్. చెక్కించినవాడి పేరే రాజకుమారుడు. తండ్రి క్యాంజిత్త రాజు.

పాళీ అనగానే టెన్షన్ పడకండి. ఒక్క సూత్రం పట్టుకుంటే సగం పని అయిపోతుంది. సంస్కృతంలో ‘త్య’ ఉన్నచోట పాళీలో ‘చ్చ’ వస్తుంది. సత్యం సచ్చం అవుతుంది, ఆదిత్యుడు ఆదిచ్చ అవుతాడు. శాసనంలో రాజు బిరుదు ‘తిభువనాదిచ్చో’. ఇప్పుడు మీరే చదవగలరు: త్రిభువనాదిత్యుడు. కొడుకును ‘అమచ్చో’ అన్నారు. అంటే అమాత్యుడు, తండ్రి కొలువులో పని చూసుకునేవాడు.

ఇక కాలం. ఈ ముక్క పైకి చదవండి:

నిబ్బానా లోకనాథస్స అట్ఠవీసాధికే గతే
సహస్సే పన వస్సానం ఛసతే వాపరే తథా

నిబ్బానా అంటే నిర్వాణం నుంచి. లోకనాథుడు బుద్ధుడే. అట్ఠవీస 28, సహస్సే 1000, ఛసతే 600. మొత్తం 1628. ‘గతే’ అంటే గడిచాక, చివరి ‘ఏ’ సప్తమీ విభక్తి. బుద్ధ నిర్వాణ శకంలో 544 తీసేస్తే క్రీ.శ. 1084 వస్తుంది. అది క్యాంజిత్త రాజ్యానికి వచ్చిన ఏడు. ఆయన 28 ఏళ్లు ఏలాడని కింద మళ్లీ వస్తుంది. చాలామంది తడబడేది ఇక్కడే: మొదటి 28 శకం లెక్కలోది, రెండోది పాలన లెక్క. 1084కు రెండోదాన్ని కలిపితే 1112. ఆ బౌద్ధ సంవత్సరం జనవరిలో మొదలవదు కాబట్టి పుస్తకాల్లో 1112–1113 అని ఉంటుంది.

లెక్క తేలింది కదా, ఇప్పుడు మనిషిని చూద్దాం. రాణి త్రిలోకవటంసిక చనిపోయింది. ఆమెకిచ్చిన మూడు ఊళ్లను రాజు కొడుక్కి ఇచ్చాడు. తర్వాత రాజు మంచాన పడ్డాడు. కొడుకు బంగారు బుద్ధవిగ్రహం చేయించి తండ్రి దగ్గరికి తెచ్చాడు, ఆ మూడు ఊళ్లూ విగ్రహానికే రాసిచ్చాడు. రాజు ‘సాధు సాధు’ అని నేలమీద నీళ్లు పోశాడు. మన శాసనాల్లో ‘ధారాపూర్వకంగా’ అని మీరు చూసిందే ఇది! జబ్బుతో ఉన్న తండ్రి నీళ్లు ధారపోస్తుంటే పక్కన నిలబడ్డ కొడుకుని తలుచుకుంటే, ఎన్నిసార్లు చదివినా నాకు గొంతు పట్టేస్తుంది. సింహాసనం మాత్రం అతనికి దక్కలేదు. క్యాంజిత్త మనవడు అలౌంగ్‌సిథు రాజయ్యాడు.

ఇంటిపని: శాసనంలో రాజు జబ్బు గురించిన పాదం ఇది:

మారణన్తికరోగస్స వసం పత్తే నరాధిపే

‘పత్తే’ అంటే ప్రాప్తే. ‘గతే’లో చూసిన సప్తమే ఇక్కడా ఉంది. పదాలు విడగొట్టి, తెలుగులో ఒక్క వాక్యంగా రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో సరిచూసుకుని, ప్యూ ముఖానికి వెళ్దాం. ఎవరికీ అర్థంకాని ఆ భాషను 1911లో ఇంగ్లిష్ పండితుడు బ్లాగ్డెన్ ఈ రాతి సాయంతోనే ఎలా విప్పాడో చూద్దాం.